వెనక్కి చూసే అన్నపక్షి

అలావుద్దీన్ బల్ల కింద దూరి కేబుల్ కొసను నోటితో ఊదాడు. చొక్కా అంచుతో తుడిచాడు. మళ్లీ గూట్లో పెట్టి నొక్కితే టిక్కుమంది. పచ్చదీపం కాసేపు మినుకుమినుకుమని నిలబడింది. పైన గిరిబాబు కాళ్లు మోకాళ్ల దాకా కనిపిస్తున్నాయి. ఒక చెప్పు ఆగకుండా నేలను తడుతోంది. పొద్దున్నుంచి అతని ఆఫీసులో ఒక్క ఫైలూ తెరుచుకోవడం లేదు.

"వచ్చిందా?"

"ఇంకా రాల్యా. సూస్తాండా."

ఏ ఆఫీసుకు పోయినా అలావుద్దీన్ ముందు కేబులే చూస్తాడు. ఆ తర్వాత కేబుళ్లన్నీ వచ్చి కలిసే స్విచ్, ఆ తర్వాత కరెంటు అడాప్టరు, అన్నిటికన్నా చివర ఫైళ్లు దాచే పెట్టె. ఆఫీసుల వాళ్లందరికీ తప్పు కేబుల్‌దే అయితే బాగుండునని ఉంటుంది. కేబుల్ తప్పయితే మనుషులెవరిదీ తప్పు కానట్టే, ఎలుక మీదకు నెట్టేయవచ్చు. ఈ పొద్దు అలావుద్దీన్‌కు కూడా అదే ఆశ. మనసులో అల్లాను కూడా అడుక్కున్నాడు. కానీ గదిలో కాలు పెట్టినప్పుడే అలమరలోని నల్లపెట్టె మీద ఎర్రదీపం కంటబడింది. అది నిన్నా మొన్నా వెలిగిన దీపం కాదు. రంజాన్ నెల నుంచి వెలుగుతోంది. రంజాన్ పోయింది, బక్రీదూ పోయింది, దీపం అట్లాగే ఉంది. ఆ సంగతి తెలిసిన మనిషి మదనపల్లె మొత్తం మీద ఒక్కడే. ఆ ఒక్కడూ బల్ల కింద దాక్కుని కేబుల్ ఊదుతున్నాడు.

అది నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలకు డిజైన్లు వేసే ఆఫీసు. ఆఫీసు అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. మూడు కంప్యూటర్లు, ఒక స్కానరు, గోడకు వేలాడే రంగు దారాల నమూనాలు. వీధిలో రెండు వైపులా మగ్గాల చప్పుడు. మగ్గాల వాళ్లు చొక్కా జేబులో పెన్‌డ్రైవ్ వేసుకుని వస్తారు, కావలసిన అంచో బుటానో ఎక్కించుకుని పోతారు. కంప్యూటర్లలో ఏది గీసినా నేరుగా అలమరలో ఉన్న పెట్టెలోకి పోయి పడుతుంది. ఇడ్లీపాత్రంత పెట్టె అది. లోపల రెండు డిస్కులు. ఒకే బొమ్మ రెండింట్లోనూ నిలుస్తుంది, ఒకటి చచ్చినా రెండోది బతికి ఉంటుందని. ఒకటి చచ్చినప్పుడు పెట్టె కీచుకీచుమని అరుస్తుంది. ఆ అరుపు ఆపడానికి వెనకాల చిన్న బటన్ ఉంది. అది అరుపును మాత్రమే ఆపుతుంది.

అలావుద్దీన్ మోకాళ్లు పటపటమనిపించుకుంటూ లేచాడు. సన్నటి మనిషి. గోరింటాకు రంగు దిగిపోయి గడ్డం సగం ఎరుపు, సగం తెలుపు. కుడిచేతి బొటనవేలి మీద పాత కాలిన మచ్చ, రేడియోలు బాగుచేసే రోజుల్లో సోల్డరింగు కడ్డీ పెట్టిన ముద్ర. రేడియోల కాలం పోయింది, టేపురికార్డర్ల కాలం పోయింది, టీవీలు వచ్చి బరువైనవి పోయి పలచటివి వచ్చాయి. ప్రతి కాలంలోనూ కొత్తది నేర్చుకుంటూ, ఒక అడుగు వెనకగానైనా నడిచొచ్చాడు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు ఊళ్ల మధ్య బస్సుల్లోనే అతని నెత్తి నెరిసింది. ఎవరూ అతన్ని ఇంజనీరు అనలేదు. "సాయిబును పిలవండి" అంటారు, అతను వస్తాడు.

పెట్టె ఆపి, రెండో డిస్కు బయటికి లాగాడు. ల్యాప్‌టాప్‌కు తగిలించి చెవి దగ్గర పెట్టుకున్నాడు. టక్... టక్... ఆ తర్వాత సన్నగా, పలక మీద బలపం గీరినట్టు గర్రుమని చప్పుడు.

"ఏమంటాది?" అన్నాడు గిరిబాబు.

"బాగల్యాదప్పా. పుంగనూర్లో మా పిల్ల దగ్గర ఇట్లాంటి పెట్టే ఉండాది. దాంట్లో పెట్టి సూస్తా."

గిరిబాబు కోప్పడతాడని అలావుద్దీన్ ఎదురుచూశాడు. కోప్పడితే బాగుండునని కూడా అనిపించింది. గిరిబాబు తల గోక్కున్నాడు అంతే.

"పనిలో ఉండే డిజైన్లన్నీ మగ్గాలోళ్ల పెన్‌డ్రైవుల్లో ఉండాయి, తెచ్చుకుంటాం. పోతే మామవి పాతవి పోతాయి. వాటినిప్పుడు నేసేదెవురు?" గొంతు తగ్గించాడు. "మామకు మాత్రం ఈ మాట పొక్కనీయొద్దు సాయిబూ. పెద్దాయన నిమ్మళంగా ఉండాడు. అట్లే పోనీ."

అలావుద్దీన్ తల ఊపి, రెండు డిస్కులూ పాత తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

మామ అంటే పాపయ్య. ఆ ఆఫీసు పెట్టింది ఆయనే, ఇప్పుడు మేనల్లుడు గిరిబాబు నడుపుతున్నాడు. అప్పట్లో దానికి ఆఫీసనే పేరు లేదు, పాపయ్య పంచ అనేవాళ్లు. నేల మీద వాలుబల్ల, దాని మీద గళ్ల కాయితం, చేతిలో భూతద్దం, పక్కన ట్రాన్సిస్టరు. చీరలో ఒక్కో పోగుకు కాయితం మీద ఒక్కో గడి. గడి తర్వాత గడి ఎర్రపెన్సిల్‌తో నింపుకుంటూ పోతే మామిడిపిందె తేలుతుంది, నెమలి తేలుతుంది. ఆ కాయితం చూసి అట్టలకు చిల్లులు కొట్టేవాళ్లు, ఆ అట్టలు మగ్గానికెక్కితే చీర. ట్రాన్సిస్టరు మూగబోయినప్పుడల్లా అలావుద్దీన్‌కు కబురు వచ్చేది. అతను ఆ పంచలో కూచుని దాన్ని విప్పేవాడు, పాపయ్య గళ్లు నింపేవాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. పాపయ్యకు చిన్నప్పటి నుంచీ మగ్గాల మధ్య బతికి చెవులు మందం.

పాపయ్య గీసినవాటిలో వీధి వీధంతా మెచ్చుకున్నది ఒక అన్నపక్షి. అందరి అన్నపక్షులూ ముందుకు చూస్తూ పోతాయి, ఈయనది మెడ తిప్పి వెనక్కి చూస్తుంది. అదేమని ఒకసారి అలావుద్దీన్ గట్టిగా అడిగాడు.

"అంచులో పచ్చులన్నీ వరసగా పోతాంటాయి గదప్పా. ఎనకది వస్తాందా ల్యాదా అని ముందుది సూసుకోవాల గదా" అన్నాడు పాపయ్య, అదొక పెద్ద విశేషమేమీ కానట్టు.

పెట్టె పెట్టించిన ఏడు ఆ కాయితాలన్నిటినీ స్కాను చేశారు. అటక నిండా కట్టలు. చెదలు తిన్నవి, చమురు మరకలవి, మడతల దగ్గర చినిగినవి. ఎండాకాలమంతా ఆ పనే సరిపోయింది. అయ్యాక పాపయ్య అలావుద్దీన్ ముఖం వైపు చూసి, ఇవేం చేద్దామప్పా అన్నాడు. గిరిబాబును అడగలేదు, ఇతన్నే అడిగాడు.

"ఇంక కాయితాలు యాలన్నా? రెండు డిస్కులుండాయి. ఒగటి పోయినా ఇంగోదాంట్లో ఉంటాది. నేను లేనా?"

నేను లేనా. ఆ మాట ఎవరూ అడగకుండానే అన్నాడు. కట్టలన్నీ పాత కాయితాల బండికి పోయాయి. ఆ తర్వాత కొన్నాళ్లు మదనపల్లె బస్టాండులో వేరుశనగలు ఎర్రగళ్ల పొట్లాల్లో వచ్చాయి. ఒక పొట్లం మీద నెమలి తోక ఉంటే అలావుద్దీన్ నవ్వుకుంటూ శనగలు తిని, కాయితం ఉండచుట్టి పారేశాడు.

ఇక రంజాన్ నాటి సంగతి. ఊపిరితిత్తులు చెడి పాపయ్య శివరాత్రికి ముందే కుప్పంలో కూతురింటికి వెళ్లిపోయాడు. గిరిబాబు ఊళ్లో లేడు. ఆఫీసులో ఉండే పవన్ కుమార్ ఫోను చేసి, పెట్టె చెవులు తూట్లు పొడుస్తోందని మొత్తుకున్నాడు. అలావుద్దీన్ రోజా ఉపవాసం మీద ఉన్నాడు, నాలుక పిడచకట్టుకుని ఉంది. ఆ సాయంత్రమే మనవడు బబ్లూ మొదటి రోజా విడిచే వేడుక. పిల్లవాడికి పూలదండ కొనాలి, చుట్టాలొస్తారు, పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజుకు ముందే ఇంట్లో ఉండాలి. వచ్చి చూస్తే ఒకటో డిస్కు చచ్చింది. పండగ పోయాక కొత్తది తెచ్చి వేస్తానన్నాడు. వెనక్కి చెయ్యి పోనిచ్చి బటన్ నొక్కాడు. అరుపు ఆగింది. పవన్ కుమార్ చేతులెత్తి దండం పెట్టాడు. ఆ సాయంత్రం దండ వేసుకుని, నీళ్ల గ్లాసు పట్టుకుని బబ్లూ సిగ్గుపడుతుంటే అలావుద్దీన్ కళ్లు చెమర్చాయి. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తోంది.

పండగ పోయింది. అరవని పెట్టె ఎవరికి గుర్తుంటుంది? పవన్ కుమార్ బెంగళూరులో పని దొరికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కూడా ఆ వీధిలోకి వేరే పనుల మీద వచ్చాడు అలావుద్దీన్. ఒకసారి ఆ ఆఫీసు గుమ్మం ముందే నిలబడి టీ తాగాడు. అలమర అక్కడి నుంచి కనబడదు. లోపలికి తొంగి చూస్తే కనబడేది.

పుంగనూరులో జువేరియా జిరాక్సు, ఆన్‌లైను సెంటరు బస్టాండు పక్కనే. జువేరియా అలావుద్దీన్‌కు అన్న కూతురు. మాటల మధ్యలో కూడా కీబోర్డు మీద చేతులాగని పిల్ల. చాచాకు కుర్చీ వేసి, తన పెట్టె ఖాళీ చేసి డిస్కు అందులో దూర్చింది. ఇద్దరూ తెర వంక చూస్తూ కూచున్నారు. పెట్టె కాసేపు గింజుకుని, లోపల డిస్కే లేదంది. మళ్లీ తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ అదే మాట.

బెంగళూరులో చచ్చిన డిస్కులను లేపే ఇమ్రాన్‌కు ఫోను చేసి, ఫోనును డిస్కు దగ్గర పెట్టారు. గర్రుమంది.

"గయా భాయ్. ఉమ్మీద్ నక్కో రఖో." పోయింది, ఆశ పెట్టుకోవద్దన్నాడు ఇమ్రాన్. లోపలి పళ్లెం గీసుకుపోయిందట, గీసుకుపోయిన చోట రాసింది దేవుడికి కూడా కనిపించదట. పోనీ ఒకటో డిస్కు వినిపించమన్నాడు. అలావుద్దీన్ అదీ తగిలించి ఫోను దగ్గర పెట్టాడు. దానికి ఉలుకూ పలుకూ లేదు.

జువేరియా ముఖం ఇటు తిప్పింది. "పైలే వాలా కబ్ గయా చాచా?"

మొదటిది ఎప్పుడు పోయిందని అడిగింది, మామూలుగానే. అలావుద్దీన్ నోరు తెరిచాడు.

"మాలూమ్ నై" అన్నాడు, తెలియదని.

ఆ అబద్ధం నోట్లోంచి అంత సునాయాసంగా ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు. జువేరియా పాపం అనుకుని చాయ్ తెప్పించింది. సగం తాగి గ్లాసు పెట్టేశాడు. చిన్నప్పుడు మౌల్వీ సాబ్ చెప్పిన మాట లోపల్నుంచి పొడుస్తోంది. ఒకరు నమ్మి చేతిలో పెట్టింది అమానత్. దాన్ని పోగొట్టినవాడు నమాజు ఎంత చేసినా లెక్కలోకి రాదని ఆయన బెత్తం ఊపుతూ చెప్పేవాడు. చీరల బొమ్మలు కూడా అమానత్‌లోకి వస్తాయా? వస్తాయి. అందులో అనుమానమేముంది?

పుంగనూరు బస్టాండులో మదనపల్లె బస్సు ఒక పక్క, పలమనేరు మీదుగా కుప్పం పోయే బస్సు ఒక పక్క. కుప్పంలో గ్రానైట్ ఆఫీసు ప్రింటరు పని ఎట్లాగూ ఉంది, ఈ వారం వస్తానని చెప్పే ఉన్నాడు. ఆ సాకు దొరికినందుకు తనను తాను చూసి తనకే నవ్వొచ్చింది. శనగలమ్మే ఆమె పొట్లం ఇస్తే తినకుండా ముందు కాయితం విప్పి చూశాడు. ఎవరో స్కూలు పిల్ల జవాబు పత్రం. శనగలు జేబులో పోసుకుని కుప్పం బస్సెక్కాడు.

కిటికీ పక్కన కూచుని దారంతా మాటలు కూర్చుకున్నాడు. పాపయ్యన్నా, ఒక తప్పు జరిగింది. కాదు, జరగడమేమిటి, నేను చేశాను. శాంతిపురం దగ్గర గ్రానైట్ రాళ్ల లారీ అడ్డం తిరిగి బస్సు ఆగింది. బెంగళూరు నుంచి సెలవు మీద వస్తున్న కుర్రాళ్లు దిగి సెల్ఫీలు తీసుకుంటున్నారు. తనకు వెనక్కి పోవడానికి ఇంకా వీలుంది అనుకున్నాడు అలావుద్దీన్. గిరిబాబు చెప్పొద్దన్నాడు. చెప్తే ఆ ముసలాయనకు ఒరిగేదేమిటి? ఏమీ లేదు. కానీ చెప్పకుండా ఈ సంచి మళ్లీ ఇంటికి మోసుకుపోవడం తన వల్ల కాదు. లారీ తప్పుకుంది, బస్సు కదిలింది.

కుప్పంలో పాపయ్య కూతురు మునిరత్నమ్మ ఇల్లు రైలు గేటు అవతల. మొగుడిది రాయి పాలిషు చేసే చోట పని. ముందు గదిలో మంచం, మంచం మీద పాపయ్య. మనిషి దుప్పటి కింద ఉన్నాడా లేడా అన్నంతగా చిక్కిపోయాడు. ముక్కుకు గొట్టం, పక్కన గుర్రుమంటూ ఆక్సిజన్ మిషను. కుడికన్ను ఎడమదానికన్నా చిన్నది, ఏళ్ల తరబడి భూతద్దంలోకి చూసి చూసి. చూపుడువేలు పెన్సిల్ పట్టుకున్నట్టే వంగి ఉంది, చేతిలో పెన్సిల్ లేదు.

"ఎవురొచ్చినారో సూడు నాన్నా" అని గట్టిగా చెప్పి మునిరత్నమ్మ కుర్చీ వేసింది.

పాపయ్య గుర్తుపట్టాడు. ముఖం విచ్చుకుంది. "యాడ్నుంచప్పా రాక? పెట్టె బాగుండాదా?"

పిల్లలు బాగున్నారా అని అడిగినట్టు అడిగాడు.

"ఉండాదన్నా" అన్నాడు అలావుద్దీన్.

"మా గిరి సెప్పినాడు. నువ్వు పోయినా అవి ఉంటాయి మామా అని." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "దాంతోనే నిమ్మళంగా పండుకోనుండా."

అలావుద్దీన్‌కు దారంతా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ దొరకలేదు. లేచి పోదామనుకున్నాడు. పోయేవాడే. అప్పుడు కరెంటు పోయింది. మిషను గుర్రు ఆగి, కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. మునిరత్నమ్మ అలవాటైన చేత్తో దాని నెత్తిన ఉన్న బటన్ నొక్కబోయింది.

"ఆపొద్దమ్మా! దాన్ని ఆపొద్దు!"

ఆ కేక తనదేనని అలావుద్దీన్‌కు ఒక క్షణం తెలియలేదు. మునిరత్నమ్మ అదిరిపడి చూసింది. "కరెంటు పోయిందన్నా, ఇట్నే అరుస్తాది. సిలిండరుండాది" అని గొట్టం సిలిండరుకు మార్చి, బటన్ నొక్కింది. నిశ్శబ్దం. కాసేపటికి కరెంటు వచ్చింది, మిషను గుర్రుమంది, గొట్టం మళ్లీ దానికి మారింది. అందరూ బాగానే ఉన్నారు. అలావుద్దీన్ ఒక్కడే ఇంకా లేచి నిలబడి ఉన్నాడు.

"యాలప్పా అట్ల అరుస్తివి?" అన్నాడు పాపయ్య.

అప్పుడు చెప్పాడు. చెవిలో మెల్లగా చెప్పుకోవలసిన తప్పు. కానీ పాపయ్యకు వినబడదు. ఒకసారి చెప్తే "ఆఁ?" అన్నాడు. రెండోసారి ఇంకా గట్టిగా చెప్పాడు. పెట్టె పోయిందన్నా. రెండు డిస్కులూ పోయినాయి. ఒగటి రంజాన్లోనే పోయింది, నాకు తెలుసు. అరస్తాంటే నేనే బటన్ నొక్కినా. మర్సిపోయినా. పాతవన్నీ పోయినాయి. వీధిలో పోయేవాళ్లు ఆగి చూసేంత గట్టిగా, ప్రతి మాటా విడివిడిగా, పిల్లలకు పాఠం ఒప్పజెప్పినట్టు అరిచి చెప్పాడు. మునిరత్నమ్మ వంటింటి గుమ్మంలో చెయ్యి తుడుచుకుంటూ అలాగే నిలబడిపోయింది.

పాపయ్య పైకప్పు వంక చూశాడు. కోపం రాలేదు. ముఖంలో ఏదో లెక్క తప్పినవాడి తికమక ఉంది.

"అట్లయితే ఆ కాయితాలు యాల బండికేసేయమంటివప్పా?"

అలావుద్దీన్ తల వంచుకుని తన బొటనవేలి మచ్చను రుద్దుకుంటూ కూచున్నాడు. ముసలాయన కూతురి వైపు తిరిగాడు.

"మునిరత్నా, పెన్సిలియ్యి."

మనవరాలి లెక్కల నోటుబుక్కులోంచి గళ్ల కాయితం ఒకటి చింపి, పెన్సిలు, రబ్బరు, కింద పెట్టుకోవడానికి పరీక్ష అట్ట ఇచ్చింది మునిరత్నమ్మ. దిండు ఎత్తు చేసింది. వంగిన చూపుడువేలు పెన్సిలును దొరకబుచ్చుకుంది. గడి తర్వాత గడి. అన్నపక్షి పొట్ట, తోక, కాళ్లు మెల్లమెల్లగా తేలాయి. మెడ దాకా వచ్చి చెయ్యి ఆగింది. రబ్బరు తీసుకున్నాడు. మళ్లీ పెన్సిలు. మళ్లీ రబ్బరు.

"తల యట్ల తిప్పినానప్పా దీనికి? ఎన్ని గళ్లు పోయి తిప్పినాను?"

ఎవరినడుగుతున్నాడో తెలియలేదు. అలావుద్దీన్‌ను చూసి అడగలేదు. ఆ పక్షిని అలావుద్దీన్ ఎన్నోసార్లు చూశాడు, కానీ మెడ ఏ గడి దగ్గర తిరిగిందో చూసినవాడు కాడు. పని ఉందని చెప్పి లేచాడు. పాపయ్య తలెత్తలేదు.

వీధిలోకి వచ్చి రైలు గేటు దాటాక, సంచి తేలికైనట్టు అనిపించింది. డిస్కులు రెండూ అందులోనే ఉన్నాయి. అయినా తేలికైంది. గ్రానైట్ ఆఫీసులో ప్రింటరు రోలరు తుడిచి, ఇరుక్కున్న కాయితం లాగి, రెండు మాటలు నవ్వుతూ మాట్లాడి కూడా వచ్చాడు. మగ్రిబ్ అజాఁ వినిపించింది. మసీదులో చల్లటి నీళ్లతో కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసి వరసలో నిలబడ్డాడు. సజ్దాలో నుదురు నేలకు తగిలినప్పుడు కళ్లనీళ్లు వచ్చాయి. చెప్పేశాను యా అల్లా, దాచలేదు అనుకున్నాడు. మాఫీ దొరికినట్టే అనిపించింది. బయటికి వచ్చాక పొద్దున్నుంచి లేని ఆకలి వేసింది. బస్టాండు దగ్గర బండి మీద వేడివేడి బోండాలు తిన్నాడు. రుచిగా ఉన్నాయి.

చెయ్యి కడుక్కుంటుంటే ఫోను మోగింది.

"అన్నా, మునిరత్నను." వెనక ఆక్సిజన్ మిషను చప్పుడు లేదు.

అతను పోయేసరికి వీధిలో చెప్పులు పోగయ్యాయి. పాపయ్యను మంచం మీంచి దించి చాప మీద పడుకోబెట్టారు, తల దగ్గర దీపం వెలిగించారు. ముక్కుకు గొట్టం లేకపోతే ముఖం మళ్లీ పంచలో కూచున్ననాటి ముఖంలా ఉంది. గిరిబాబు కారు మాట్లాడుకుని బయలుదేరాడట. అలావుద్దీన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నోట్లో ఇంకా బోండా రుచి ఉంది. ఆ రుచి మీద అసహ్యం వేసింది, తన మీద అసహ్యం వేసింది. తన బరువు దించుకోవడానికి మోయలేని మనిషి గుండె మీద పెట్టి వెళ్లాడు. గిరిబాబుకు చెప్పగలిగాడా? లేదు. గిరిబాబు అరుస్తాడు, పని మానిపిస్తాడు. జువేరియాకు చెప్పగలిగాడా? లేదు. మంచం మీద లేవలేని మనిషిని వెతుక్కుంటూ వచ్చి చెప్పాడు. దానికి నిజాయితీ అని పేరు పెట్టుకుని బోండాలు తిన్నాడు.

మునిరత్నమ్మ లోపల్నుంచి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మామూలుగానే ఉంది.

"నువ్వు పోయినాక గూడా గీస్తానే ఉండె. గంజి తాగమంటే తాగల్యా. పండుకో నాన్నా అంటే పండుకోల్యా. తల గ్యాపకం రాల్యా, తల గ్యాపకం రాల్యా అని అదే మాట." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆర్నెల్లుగా పెన్సిలు ముట్టల్యాదన్నా. ఈ పొద్దు ముట్టినాడు."

ఆమె తనను తప్పుపడుతోందో, మంచి మాటే చెబుతోందో అలావుద్దీన్‌కు అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేదు.

"నన్ను మన్నించమ్మా" అన్నాడు.

ఆమె మంచం మీద ఉన్న పరీక్ష అట్ట తెచ్చి అతని చేతిలో పెట్టింది. క్లిప్పు కింద కాయితం ఉంది.

"దీన్ని నీకియ్యమన్న్యాడు. అలావుద్దీన్‌కిచ్చి పెట్టెలో పెట్టమని సెప్పు, ఆడైతే భద్రంగా ఉంటాదని అన్న్యాడు. పెట్టె పోయింది గదా నాన్నా అంటే ఇనిపించుకోల్యా. అదే ఆఖరు మాట."

లోపల ఎవరో పిలిస్తే ఆమె వెళ్లిపోయింది. అలావుద్దీన్ దీపం వెలుగు పడే చోటికి జరిగి కాయితం చూశాడు. తోక ఉంది, రెక్కలు ఉన్నాయి, మెడ కింది దాకా ప్రతి గడీ అంచు దాటకుండా నిండి ఉంది, తల ఉండాల్సిన చోట మాత్రం రబ్బరు పెట్టి రుద్దీ రుద్దీ కాయితం పలచబడి, అందులోంచి కింది అట్ట రంగు కనిపిస్తోంది.